తంగేడును మొదట పరీక్షించిన చేతులు
(వాడ చరిత్రలు – 9)

మొన్న ఎండాకాలంలో మా అమ్మ షుగర్ గోళీలు మానేసింది. మాకెవరికీ చెప్పలేదు. ఫోన్లో ఎవరో వీడియో పంపారట. పరగడుపున తంగేడు పూల పొడి వేడినీళ్లలో కలుపుకుని తాగితే షుగర్ పూర్తిగా పోతుందని అందులో చెప్పారట. ఆరు వారాలు తాగింది. కాళ్లు గుంజుతున్నాయి, రాత్రి నాలుగైదు సార్లు లేవాల్సి వస్తోంది అంటుంటే అనుమానం వచ్చి పరీక్ష చేయించాను. పరగడుపు షుగర్ 312.

ఇంట్లో వెతికితే పొడి డబ్బా దొరికింది. నూరు గ్రాములు 240 రూపాయలు. డబ్బా మీద గడ్డం పెంచుకున్న ఒక ఋషి బొమ్మ. కింద ప్రాచీన రహస్యం అని రాసి ఉంది.

"ఎందుకు మానేసినవ్ అమ్మా?" అని కోపంగానే అడిగాను. ఆమె తాపీగా చెప్పింది: "తంగేడు మనదే గద బిడ్డా. మీ తాత చేతులు బతికినన్నాళ్లు తంగేడు చెక్క రంగుల్నే ఉండె. మన చెట్టు మనకేం జేస్తదిలే అనుకున్న."

ఆ మాట నన్ను వారం రోజులు వదల్లేదు. అమ్మ చెప్పిన దాంట్లో ఒకటి నిజం, ఒకటి ప్రమాదం. తంగేడు మనదే అనేది నిజం. మనదే కాబట్టి మందుగా కూడా పనిచేస్తుంది అనుకోవడం ప్రమాదం. ఈ రెండిటినీ విడదీసి చూడటానికే ఈ భాగం రాస్తున్నాను. చెట్టు గుణాలు ఎవరు కనిపెట్టారు అన్నది ఒక ప్రశ్న. ఆ గుణాలు నిజంగా ఉన్నాయా అన్నది ఇంకో ప్రశ్న. మొదటిది చరిత్ర తేల్చాలి, రెండోది ప్రయోగశాల తేల్చాలి. డబ్బా మీది ఋషి ఈ రెండు ప్రశ్నలనూ ఒకేసారి మింగేస్తున్నాడు.

*

తంగేడు తెలియని తెలంగాణ మనిషి ఉండడు. గుట్టల వెంట, బంజరు భూముల్లో, రోడ్ల పక్కన నీళ్లు పోసేవాళ్లు లేకుండా పెరిగే పొద. బతుకమ్మ పండక్కి పచ్చగా విరగబూస్తుంది. 2014లో ప్రత్యేక రాష్ట్రం వచ్చాక తంగేడు పువ్వును రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. శాస్త్రీయ నామం కేసియా ఆరిక్యులేటా, ఇప్పుడు సెన్నా ఆరిక్యులేటా అంటున్నారు. తమిళంలో ఆవారం. సింహళంలో రణవర. సంస్కృతంలో ఆవర్తకి.

ఇంగ్లీషులో దాని పేరేమిటో తెలుసా? టానర్స్ కేసియా. అంటే తోలు పదును చేసేవాడి చెట్టు.

ఒకసారి ఆలోచించండి. మన రాష్ట్ర పుష్పం గురించి పాఠ్యపుస్తకంలో చదువుకున్నాం. బతుకమ్మలో పేర్చే పువ్వు అని చదువుకున్నాం. అది ఫలానా కులం వాళ్ల పనిముట్టు అని ఎక్కడైనా చదువుకున్నామా? పరాయి భాష వాడు పేరులోనే పెట్టుకున్న విషయాన్ని మన పుస్తకాలు పక్కన పెట్టేశాయి.

పువ్వు ఊరిది అయింది. చెక్క మాత్రం వాడలోనే ఉండిపోయింది. మా ఊళ్లో బతుకమ్మ కూడా రెండు చోట్ల ఆడేవాళ్లు. ఊరి బతుకమ్మ చెరువు కట్ట మీద, మా వాడ బతుకమ్మ వాగు దగ్గర. రెండిట్లోనూ అదే తంగేడు.

*

లంద అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. తోళ్లు నానబెట్టే గోలెం అది. మా తాత లంద మా ఇంటి వెనక ఉండేది. నాకు ఊహ తెలిసేటప్పటికి పని దాదాపు ఆగిపోయింది కానీ ఆ గోలెం, ఆ వాసన నాకు గుర్తున్నాయి. పని ఎట్లా జరిగేదో తాత నోట, నాయిన నోట విన్నదే ఇక్కడ రాస్తున్నాను.

పచ్చి తోలును ముందు కడిగి సున్నపు నీళ్లలో నానబెడతారు. వెంట్రుకలు వదులవుతాయి. మొద్దు కత్తితో గీకుతారు. లోపలి కొవ్వునూ కండనూ తీసేస్తారు. సున్నం పోయేదాకా మళ్లీ మళ్లీ కడుగుతారు. ఆ తర్వాత తంగేడు చెక్క. ముదురు కొమ్మల నుంచి ఒలిచి, ఎండబెట్టి, దంచి నీళ్లలో వేస్తారు. నీళ్లు ఎర్రగా, చిక్కగా దిగుతాయి. ఆ నీళ్లలో తోలు రోజుల తరబడి ఊరుతుంది. చివర్లో కరక్కాయ నీళ్లు. రంగు తేటగా రావడానికి.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. తోలును నేరుగా చిక్కటి తంగేడు నీళ్లలో వేయకూడదు. ముందు వాడేసిన పాత నీళ్లలో, పలచటి దాంట్లో వేయాలి. తర్వాత కొత్తవి, ఇంకొంచెం చిక్కనివి. మొదటి రోజే చిక్కటి నీళ్లలో వేస్తే తోలు పైపొర బిగుసుకుపోయి లోపలికి రసం దిగదు. బయట తోలు, లోపల పచ్చి. అది నాలుగు నెలల్లో కుళ్లుతుంది. తాత చెక్క ముక్కను నమిలి చూసి, నోరు ఎంత వగరు పట్టిందన్న దాన్నిబట్టి చెక్క బలం చెప్పేవాడట. తోలు అంచును చిన్నగా కోసి, రంగు నడిమధ్య దాకా దిగిందో లేదో చూసేవాడట. దిగకపోతే మళ్లీ లందలోకే.

ఇప్పుడు ఇదే సంగతిని రసాయన శాస్త్రం భాషలో చెప్తాను. తంగేడు చెక్కలో దాదాపు 18 శాతం టానిన్ ఉంటుంది. తోలులో ఉండేది కొల్లాజెన్ అనే ప్రోటీన్. టానిన్ అణువులు ఆ ప్రోటీన్ పోగులకు అతుక్కుని వాటిని కలిపి పట్టి ఉంచుతాయి. అట్లా బిగిసిన తోలును సూక్ష్మజీవులు తినలేవు, నీళ్లు కుళ్లబెట్టలేవు. టానిన్ అనే మాటే యూరప్‌లో తోలు పదును చేసే పనిలోంచి పుట్టింది.

1803లో లండన్‌లో హంఫ్రీ డేవీ అనే ప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త వగరు మొక్కల మీద తాను చేసిన ప్రయోగాలు ప్రచురించాడు. మొక్క రసంలో జిలటిన్ కలిపితే టానిన్ దానితో కలిసి అడుగుకు దిగుతుంది. ఎంత దిగిందో చూసి టానిన్ ఎంతుందో లెక్కగట్టాడు. బొంబాయి నుంచి, బెంగాల్ నుంచి తెప్పించిన కాచును కూడా ఆయన పరీక్షించాడు. జిలటిన్ దేంతో చేస్తారు? తోళ్లతో, ఎముకలతో. ఆ తర్వాత తోళ్ల పరిశ్రమలో టానిన్ కొలవడానికి స్థిరపడిన పద్ధతి కూడా తోలు పొడితోనే. రసంలో తోలు పొడి వేసి, అది ఎంత టానిన్‌ను పట్టుకుందో తూకం వేస్తారు.

అంటే ప్రయోగశాల చేసిన పరీక్ష లందలో జరిగిన పరీక్షే. తేడా ఏమిటంటే డేవీ దగ్గర త్రాసు ఉంది, కాగితం ఉంది, అచ్చువేసే సంఘం ఉంది. మా తాత దగ్గర నాలుక ఉంది, కత్తి ఉంది. పద్ధతి ఒకటే. ఒక పదార్థం తీసుకో, మోతాదు మార్చు, ఫలితం చూడు, తప్పితే మళ్లీ చెయ్యి. మోతాదు ఎక్కువైతే మేలు కాదు, కీడు అనే సూత్రం పాత నీళ్లు, కొత్త నీళ్లు అనే రెండు మాటల్లో వాడకు తెలుసు.

వాడకు తెలిసింది తోలు గురించి మాత్రమే కాదు. మా అవ్వ నోరు పూసినప్పుడు తంగేడు చెక్క కషాయంతో పుక్కిలించమనేది. విరేచనాలకు అదే కషాయం కొద్దిగా తాగించేది. తోలును బిగించేది పుండునూ బిగిస్తుంది, పేగునూ బిగిస్తుంది అనే తర్కం ఆమెది. వగరు పదార్థాలను వైద్యంలో వాడే తర్కం ప్రపంచమంతా ఇదే.

*

ఇంత తెలిసిన చేతులకు వైద్యుడి గౌరవం ఎందుకు రాలేదు?

మనుస్మృతి నాలుగో అధ్యాయంలో ఎవరి చేతి అన్నం తినకూడదో ఒక పెద్ద జాబితా ఉంది. తోలు పని చేసేవాడు అందులో ఉన్నాడు. అది మనకు ఆశ్చర్యం కాదు. కానీ అదే జాబితాలో వైద్యుడు కూడా ఉన్నాడు. వైద్యుడి అన్నాన్ని చీముతో పోల్చారు. శరీరాన్ని ముట్టేవాడు, నెత్తురూ చీమూ ముట్టేవాడు ఎవడైనా మనువుకు అపవిత్రుడే. తోలు పనివాడూ వైద్యుడూ ఒకప్పుడు ఒకే పంక్తిలో నిలబడ్డారు. దేబీప్రసాద్ చట్టోపాధ్యాయ ప్రాచీన భారత విజ్ఞానం మీద రాసిన పుస్తకంలో ఈ విషయాన్ని వివరంగా చర్చించాడు. కళ్లతో చూసి, చేత్తో ముట్టి తెలుసుకునే వైద్యం ధర్మశాస్త్రాలకు కంటగింపు అయిందని ఆయన వాదన.

తర్వాత ఏం జరిగింది? వైద్యం శాస్త్రమై సంస్కృతంలోకి ఎక్కింది. పైకి పోయింది. తోలు పని అక్కడే ఉండిపోయింది. చరక సంహితలోనే ఒక మాట ఉంది. మేకలు, గొర్రెలు, ఆవులు కాసేవాళ్లకు, అడవిలో బతికేవాళ్లకు మందు మొక్కల పేర్లూ రూపాలూ తెలుసని ఆ గ్రంథం ఒప్పుకుంటుంది. ఆ వెంటనే, పేరూ రూపం తెలిసినంత మాత్రాన వాడకం తెలిసినట్టు కాదని, వాడకం తెలిసినవాడే అసలైన వైద్యుడని అంటుంది. మొదటి సగంలో నిజాయితీ ఉంది. రెండో సగంలో పని విభజన ఉంది. మొక్క తెచ్చేవాళ్లు ఒకరు, జ్ఞాని అనిపించుకునేవాళ్లు ఇంకొకరు. తంగేడు విషయంలో ఈ విభజన నిలబడదు. చెక్క ఒలిచిందీ, వాడిందీ, ఫలితం చూసిందీ ఒకే చేయి.

*

బ్రిటిష్ వాళ్లు వచ్చాక ఈ మొక్క కాగితం మీదికి వచ్చింది. విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా తోటకు వెళ్లేదాకా మన సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలను వర్ణించాడు. తంగేడుకు ఇప్పుడున్న శాస్త్రీయ నామం వెనక ఆయన పేరు కూడా చేర్చి రాస్తారు. ఆయన రాతల్లో లాటిన్ పేరు పక్కన తెలుగు పేర్లు కనిపిస్తాయి. ఆ తెలుగు పేర్లు ఆయనకు ఎవరో ఒకరు చెప్పి ఉండాలి కదా. ఆ చెప్పినవాళ్ల ఊరూ పేరూ మనకు మిగల్లేదు.

19వ శతాబ్దపు ఇంగ్లీషు వైద్య గ్రంథాల్లో తంగేడు గింజలు కంటి జబ్బుకు, చెక్క వగరు మందుగా నమోదయ్యాయి. ఇంకోవైపు మద్రాసు నుంచి తంగేడు చెక్కతో పదును చేసిన తోళ్లు లండన్ మార్కెట్‌కు ఓడల్లో వెళ్లాయి. వ్యాపారం పెద్ద చేతుల్లోకి పోయింది, లందలోని మనిషి కూలీ అయ్యాడు. 20వ శతాబ్దం మొదట్లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసులో క్రోమ్ పద్ధతి ప్రయోగాలు మొదలుపెట్టాడు. 1904లో మద్రాసు రాజధానిలోని తోలు పని మీద ఆయన నివేదిక అచ్చయింది. తర్వాత దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ చెక్క దిగుమతి అయి తంగేడును వెనక్కి నెట్టింది. 1948లో మద్రాసులో కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థ వచ్చింది. తోలు ఒక శాస్త్రమైంది, డిగ్రీ అయింది, ఎగుమతి లెక్క అయింది. ఊళ్లో లంద మాత్రం కంపు గానే మిగిలింది.

నేను ఆరో తరగతిలో ఉండగా ఒక మాస్టారు నన్ను చివరి బెంచీకి పంపిస్తూ "లంద వాసన" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ రోజు సాయంత్రం తాత చేతులు చూసి నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు పోవడానికి ఇరవై ఏళ్లు, ఒక పీహెచ్‌డీ పట్టాయి.

*

ఇక రెండో ప్రశ్న. తంగేడు షుగర్‌కు పనిచేస్తుందా?

తమిళనాడు సిద్ధ వైద్యంలో, శ్రీలంక రణవర టీలో ఈ వాడకం పాతదే. ఆవారం పూసి ఉండగా చచ్చేవాళ్లను చూశారా అనే అర్థం వచ్చే సామెత తమిళంలో ఉంది. దీన్ని ప్రయోగశాలలు పట్టించుకున్నాయి. 2002లో అన్నామలై విశ్వవిద్యాలయానికి చెందిన పారి, లత అనే పరిశోధకులు తంగేడు పూల సారాన్ని మందుతో మధుమేహం తెప్పించిన ఎలుకలకు 30 రోజులు ఇచ్చారు. మూడు మోతాదులు. వాటిలో ఎక్కువ మోతాదు, అంటే కిలో శరీర బరువుకు 0.45 గ్రాములు, రక్తంలో చక్కెరను బాగా తగ్గించింది. పోలికకు వాడిన గ్లిబెన్‌క్లమైడ్ కంటే మెరుగ్గా కనిపించింది. 2004లో వచ్చిన ఇంకో పరిశోధన, పేగుల్లో పిండి పదార్థాన్ని చక్కెరగా విడగొట్టే ఎంజైమును తంగేడు అడ్డుకుంటుందని ఎలుకల్లో చూపింది.

వీడియో వాళ్లు ఇక్కడిదాకా చదివి ఆగిపోతారు. మనం ఆగకూడదు.

1981లో శ్రీలంక శాస్త్రవేత్తలు కొన్ని సంప్రదాయ మందు మొక్కలను పరీక్షించి, వాటిలో కాలేయాన్ని దెబ్బతీసే పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు ఉన్నాయని తేల్చారు. ఆ జాబితాలో తంగేడు ఉంది. 2004లో అక్కడివాళ్లే, మూర్ఛ జబ్బుకు వాడే కార్బమజెపిన్ మందుతో పాటు తంగేడు టీ ఇచ్చిన ఎలుకల రక్తంలో ఆ మందు స్థాయి పెరిగిపోయిందని చూపించారు. అంటే మూర్ఛ మందు మింగే మనిషి ఈ టీ తాగితే మందు మోతాదు మించే ప్రమాదం ఉంది.

ఇంకో సంగతి. ఎలుకకు ఇచ్చింది కొలిచిన సారం. మా అమ్మ తాగింది ఎంతో తెలియని పొడి. ఎలుక జబ్బు మందుతో తెప్పించిన జబ్బు. అమ్మది పన్నెండేళ్ల జబ్బు. పువ్వు వేరు, చెక్క వేరు. ఎలుకల మీద ఫలితం రావడం మొదటి మెట్టు. మనుషుల మీద, తగినంత మంది మీద, తగినంత కాలం, మందు తీసుకున్నవాళ్లనూ తీసుకోనివాళ్లనూ పోల్చి చూడటం అసలు మెట్టు. ఆ మెట్టు ఎక్కకుండా గోళీలు మానెయ్యమని చెప్పేవాడు ఋషి వేషం వేసినా, మన కులంవాడే అయినా, మన ప్రాణంతో ఆడుకుంటున్నట్టే.

ఇది మా తాతకు తెలిసిన సూత్రమే. రంగు నడిమధ్య దాకా దిగిందో లేదో కోసి చూడకుండా చెప్పు కుట్టొద్దు.

*

మరి జ్ఞానం ఎవరిది అన్న ప్రశ్నకు విలువ ఏముంది అంటారా? ఉంది. డబ్బు ఉంది, చట్టం ఉంది.

పసుపు కథ మీకు తెలిసే ఉంటుంది. పుండ్లు మాన్పే పసుపు గుణం మీద 1995లో అమెరికాలో పేటెంట్ ఇచ్చారు. మన సీఎస్ఐఆర్ సవాలు చేసింది. 1997లో పేటెంట్ రద్దయింది. గెలిపించిన సాక్ష్యం ఏమిటి? పాత గ్రంథాలు, అచ్చయిన వ్యాసాలు. అమ్మమ్మలందరికీ తెలుసు అన్న మాట ఒక్కటే సరిపోలేదు. ఆ తర్వాత సంప్రదాయ జ్ఞానం డిజిటల్ గ్రంథాలయం వచ్చింది. ఆయుర్వేదం, యునానీ, సిద్ధ గ్రంథాల్లోని యోగాలను అందులోకి ఎక్కించారు. మంచి పనే. కానీ అందులో చోటు దొరకాలంటే గ్రంథం ఉండాలి. తరతరాలు అక్షరం ముట్టుకోనివ్వని వాళ్ల దగ్గర గ్రంథం ఎక్కడి నుంచి వస్తుంది?

2002 జీవవైవిధ్య చట్టం, మొక్కలనూ వాటి గురించిన జ్ఞానాన్నీ వాడుకుని లాభపడేవాళ్లు స్థానిక ప్రజలకు వాటా ఇవ్వాలంది. 2023 సవరణ, గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవాళ్లకు ఈ బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చింది. గ్రంథంలో ఉంటే వాటా ఇవ్వక్కర్లేదు. గ్రంథంలో లేకపోతే అది మాదని నిరూపించుకునే దారి కష్టం. ఏ వైపు నుంచి చూసినా లందలోని మనిషికి దక్కేది సున్నా.

కంచ ఐలయ్య మాదిగలను అట్టడుగు శాస్త్రవేత్తలు అన్నప్పుడు చాలామంది నవ్వారు. తంగేడు కథ తెలిసినవాళ్లు నవ్వలేరు. అయితే ఆయన మాటకు నేను ఒకటి చేర్చుతాను. శాస్త్రవేత్త అనే గౌరవం కావాలంటే శాస్త్రం క్రమశిక్షణ కూడా మనకు కావాలి. మన పూర్వీకులకు అన్నీ తెలుసు అనే పాట ఇప్పటికే ఒకరు పాడుతున్నారు. ఆ పాటకు కులం మార్చి పాడటం మన పని కాదు.

లందను పొగిడి అక్కడికే తిరిగి పొమ్మనడం కూడా మన పని కాదు. సున్నం తిన్న తాత వేళ్ల సందులు చివరి దాకా మానలేదు. 1927లో మహాడ్‌లో అంబేడ్కర్ చచ్చిన పశువులను మోసే పని మానేయమన్నాడు. జ్ఞానం మనదని చెప్పడం వేరు, ఆ బతుకు మళ్లీ కావాలనడం వేరు. అదే అంబేడ్కర్ మధుమేహంతో ఏళ్ల తరబడి బాధపడ్డాడు. 1948లో ఆయన పెళ్లి చేసుకున్న సవితా అంబేడ్కర్ ఎంబీబీఎస్ డాక్టర్. ఆధునిక వైద్యం మన శత్రువుది కాదు. అది మనం కొట్లాడి అందుకోవాల్సిన హక్కు.

*

విద్యార్థి మిత్రులకు ఒక పని చెప్తాను. చట్టం ప్రకారం ప్రతి గ్రామ పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. మీ ఊరికి వెళ్లినప్పుడు ఆ రిజిస్టర్ చూపించమని అడగండి. సమాచార హక్కు కింద రాసి అడగండి. తంగేడు పేజీ తెరవండి. వాడకం అన్న గడిలో ఏం రాశారో చూడండి. బతుకమ్మ పువ్వు అని మాత్రమే ఉంటే, మీ వాడలో మిగిలిన ముసలివాళ్ల దగ్గర కూర్చోండి. చెక్క ఎప్పుడు ఒలిచేవాళ్లు, ఎంత నీళ్లకు ఎంత, ఎన్ని రోజులు, ఏ జబ్బుకు ఎంత, ఎవరికి ఇవ్వకూడదు అనేవాళ్లు, అన్నీ రాసుకోండి. చెప్పినవాళ్ల అనుమతితో, చెప్పినవాళ్ల పేరుతో రాయించండి. రసాయన శాస్త్రం, ఫార్మసీ చదివే పిల్లలు ఆ నోట్సుతో పరీక్షలు చేయండి. పనిచేయలేదని తేలితే అది కూడా రాయండి.

వాళ్లకు ఎనభై ఏళ్లు. ఈ పనికి ఎక్కువ టైం లేదు.

అమ్మ మళ్లీ గోళీలు వేసుకుంటోంది. మొన్న పరగడుపు షుగర్ 138. పొడి డబ్బా పారేయమంటే పారేయలేదు. పొడి పెరట్లో పోసి, డబ్బా మీది ఋషి బొమ్మ గోరుతో గీకేసి, అందులో సూదులూ దారాలూ పెట్టుకుంది. "మీ తాత బొమ్మ ఉంటే ఉంచుదు" అంది.

తాతది ఒక్క ఫోటో కూడా మా దగ్గర లేదు.

వచ్చే భాగంలో కరక్కాయ గురించి రాస్తాను.

జై భీమ్.